పిల్లి ముద్ద ముట్టకపోతే...
మూడు రోజుల పస్తు ప్రాణం మీదికి తెస్తుంది

పరమ లోభిని గురించి చెప్పవలసి వస్తే 'పిల్లికి బిచ్చం పెట్టడు' అంటారు మన పల్లెల్లో. మరి పెట్టిన బిచ్చాన్ని పిల్లే ముట్టకపోతే ఏం చేయాలి? ఆ సంగతి ఆలోచించేవారు తక్కువ. 'ఎక్కడో ఎలుకను తిని వచ్చి ఉంటుంది, ఆకలేస్తే అదే తింటుంది' అని ఊరుకుంటారు. నాలుగో రోజుకు అది పొయ్యి మూలనో, గడ్డివాము కిందనో ముడుచుకుని పడుకుంటుంది. ఆ తరవాత లేవదు.

కృష్ణా డెల్టా గ్రామాల్లో పిల్లి లేని ఇల్లు అరుదు. దాన్ని ఎవరూ డబ్బు పెట్టి కొనరు, ఎవరూ ప్రత్యేకంగా పెంచరు. అయినా అది ఇంటి మనిషి వంటిదే. విత్తనాల బస్తాలను, తిండి గింజలను, మినుములను ఎలుకల బారినుంచి కాపాడేది అదే. పిల్లి తిరిగే ఇంట్లో పందికొక్కు బెడద తగ్గుతుందని, ఎలుకల కోసం వచ్చే పాములు కూడా తగ్గుతాయని రైతులు చెబుతారు. గేదె ఒక పూట మేత మానితే ఇల్లంతా కంగారు పడుతుంది. పిల్లి మూడు రోజులు మానినా ఎవరికీ పట్టదు. పట్టించుకోవలసిన అవసరం ఉందని పశువైద్యులు అంటున్నారు.

పస్తు ఎందుకు ప్రమాదం?

కుక్క రెండు మూడు రోజులు తినకపోయినా తట్టుకుంటుంది. పిల్లి శరీరం తీరు వేరు. తిండి లేనప్పుడు ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. పిల్లి కాలేయం ఆ కొవ్వును త్వరగా ఖర్చు చేయలేదు. అది అక్కడే పేరుకుపోయి కాలేయం పనిచేయడం మానేస్తుంది. అప్పుడు చెవుల లోపలి చర్మం, చిగుళ్ళు, కంటి తెల్లగుడ్డు పసుపు రంగుకు తిరుగుతాయి. ఇది పిల్లికి వచ్చే పచ్చకామెర్లు. ఈ దశకు వచ్చాక దానికి ఆకలి అసలే ఉండదు. తినకపోవడం వల్ల జబ్బు, జబ్బు వల్ల తినకపోవడం. ఇలా ఒకదాని వెనుక ఒకటి వచ్చి ప్రాణం తీస్తాయి. బొద్దుగా ఉన్న పిల్లికి ఈ ముప్పు మరీ ఎక్కువ. 'కొవ్వు ఉందిగా, నాలుగు రోజులు తినకపోతే ఏం?' అనుకోవడం పొరపాటు.

అందువల్ల ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ఎదిగిన పిల్లి ఒక రోజంతా ఏమీ తినకపోతే కారణం వెతకాలి. రెండు రోజులు దాటితే వైద్యుడికి చూపించాలి. పిల్లి కూనల విషయంలో అంత ఆగడానికి కూడా లేదు. పాలు తాగే కూన ఒక పూట తాగకపోయినా వెంటనే చూడాలి.

ముందు ఇంట్లోనే చూడవలసినవి

మొదట అది నిజంగా పస్తు ఉందా లేదా తేల్చుకోవాలి. పల్లెలో పిల్లికి నాలుగిళ్ళు ఉంటాయి. పక్కింటివారు పొద్దున్నే చేపలు శుభ్రం చేసి ఉంటే మన ఇంటి పెరుగన్నం దానికి ఎందుకు? చుట్టుపక్కల ఒక మాట అడిగితే తెలిసిపోతుంది. ఒక పూట గదిలో ఉంచి తిండి పెట్టి చూసినా తెలుస్తుంది. మగపిల్లి ఎదకు వచ్చిన ఆడపిల్లుల వెంట తిరిగే రోజుల్లో ఇంటికి రాక, తిండి మీద ధ్యాస లేక చిక్కిపోతుంది. ఇల్లు మారినా, ఇంట్లోకి కొత్త కుక్క వచ్చినా, పెళ్ళి సందడిలో మైకులు మోగినా బెదిరి ఒకటి రెండు పూటలు తినకపోవచ్చు. ఇవేవీ కాకపోతే ఒళ్ళు పరీక్షించాలి.

ముక్కు చూడాలి. పిల్లి నాలుకతో రుచి చూసి తినదు, ముక్కుతో చూసి తింటుంది. జలుబు చేసి ముక్కు పట్టేస్తే కొరమేను ముక్క పెట్టినా అది మట్టిబెడ్డతో సమానం. ముక్కు దగ్గర పొక్కు కట్టినా, కళ్ళలో పుసి ఉన్నా, తుమ్ముతున్నా అదే కారణం అనుకోవచ్చు.

నోరు చూడాలి. తినాలని వచ్చి, వాసన చూసి, ఒక్కసారి కొరికి వెనక్కు పోతుంటే నోట్లో నొప్పి ఉన్నట్లే. నాలుక మీద పుండ్లు, వాచిన చిగుళ్ళు, కదిలే పన్ను, అడ్డంగా గుచ్చుకున్న చేపముల్లు - ఏదైనా కావచ్చు. నోటినుంచి గాని, వెనుకనుంచి గాని దారం వేలాడుతుంటే లాగరాదు. ఆ దారం రెండో కొస పేగుల్లో చిక్కుకుని ఉంటే లాగినప్పుడు పేగు కోసుకుపోతుంది.

ఒళ్ళు తడమాలి. పిల్లులు పోట్లాడుకున్నప్పుడు కోరల గాటు సూదిమొన అంతే ఉంటుంది. పైన మానిపోయి లోపల చీము పడుతుంది. తోక మొదట్లో, బుగ్గ మీద, కాలిమీద వేడిగా ఉబ్బెత్తు తగిలితే అది చీముగడ్డే. దానివల్ల జ్వరం, జ్వరంవల్ల పస్తు. పిల్లి ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. మనిషి ఒంటికంటె ఎక్కువ కనుక చేతికి కాస్త వెచ్చగా తగిలినంత మాత్రాన జ్వరం అనుకోనక్కరలేదు.

మూత్రం సంగతి గమనించాలి. ముఖ్యంగా మగపిల్లి ఇసుకలోనో, బూడిదలోనో పదే పదే కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయలేకపోతుంటే మూత్రనాళం మూసుకుపోయిందన్నమాట. ఇది గంటలమీద నడిచే ప్రమాదం. రేపు చూద్దాం అనడానికి లేదు.

మెడ వెనుక చర్మం రెండు వేళ్ళతో పైకి లాగి వదలాలి. వెంటనే సర్దుకుంటే మంచిదే. గుడారంలా నిలిచి నెమ్మదిగా దిగితే ఒంట్లో నీరు ఇంకిపోయినట్లు. వాంతులు, విరేచనాలతో కూన తిండి మానేస్తే అది అంటురోగం కావచ్చు. ఆ రోగం కూనలను రెండు మూడు రోజుల్లోనే తీసుకుపోతుంది. ఇంట్లో మిగిలిన పిల్లులను దూరంగా ఉంచాలి.

వెచ్చని చేపముక్క చేసిన పని

దివి ప్రాంతంలో ఒక కౌలురైతు ఇంట జరిగిన సంగతి ఇది. గేదెకు సూది వేయడానికి పశుసంవర్థక సహాయకుడు వచ్చాడు. ఇంటి పెద్దావిడ గేదెను వదిలి పిల్లిని చూపించింది.

''గేదె సంగతి తరవాత చూద్దువుగాని బాబూ. ఇది నిన్న పొద్దుటినుంచి పాలు కూడా ముట్టలేదు. దిష్టి తగిలిందేమో అనుకుంటున్నా.''

''దిష్టి కాదు మామ్మగారూ, ముక్కు పట్టేసింది. వాసన తెలియకపోతే పిల్లి తినదు'' అన్నాడు ఆ యువకుడు.

అప్పటికే కోడలు జ్వరం మాత్ర సగం విరిచి నీళ్ళలో కలిపి సిద్ధంగా పెట్టింది. పారాసెటమాల్ మాత్ర అది. పిల్లలకు కూడా వేసేదే కదా అని ఆమె ఉద్దేశం. దానిని అతడు పారబోయించాడు. ఆ సగం మాత్రే ఆ పిల్లిని చంపేదని చెబితే ఇంటిల్లిపాది నివ్వెరపోయారు.

ఆ తరవాత చేయించిన పనులు చాలా చిన్నవి. గోరువెచ్చని నీటిలో దూది తడిపి ముక్కు దగ్గర కట్టిన పొక్కులు మెత్తబరచి తుడిపించాడు. చిన్న గదిలో మరిగిన నీళ్ళ గిన్నె ఒక మూల పెట్టి, పిల్లి దానిని తన్నుకోకుండా దూరంగా గంపలో ఉంచి, పావుగంట ఆవిరి పట్టనిచ్చారు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చేపలో ముళ్ళు తీసి, ఆ ఉడికిన నీళ్ళతోనే మెత్తగా నలిపి, వెచ్చగా ఉండగానే ముందు పెట్టారు. మొదటిసారి వాసన చూసి ముఖం తిప్పుకుంది. రాత్రికి ఆ నీళ్ళు నాకింది. తెల్లవారి మరోసారి వెచ్చబెట్టి పెడితే రెండు చెంచాల చేప తిన్నది. అదే రోజు అవనిగడ్డ తీసుకువెళ్ళి వైద్యుడికి చూపించి మందు వేయించారు. వారానికల్లా అది మళ్ళీ ధాన్యం బస్తాల మీదికి ఎక్కింది.

తినిపించే పద్ధతి

ఇందులో గొప్ప రహస్యమేమీ లేదు. ఓపిక కావాలి.

తిండి వెచ్చగా ఉండాలి. అప్పుడే చంపిన ఎలుక ఒంటి వేడి ఎంత ఉంటుందో అంత చాలు. వేలు పెడితే గోరువెచ్చగా తగలాలి. వెచ్చబెట్టినప్పుడు వాసన లేస్తుంది, ఆ వాసనే ఆకలి పుట్టిస్తుంది. చల్లటి అన్నం, ఫ్రిజ్‌లోనుంచి తీసిన కూర ముందు పెడితే ఆరోగ్యంగా ఉన్న పిల్లే ముఖం తిప్పుకుంటుంది.

ఉడికించిన కోడిమాంసం నారలుగా చీల్చి పెట్టవచ్చు. ముల్లు లేని చేప, ఉడికించిన గుడ్డు, మాంసం ఉడికిన పలుచని నీళ్ళు కూడా మంచివే. ఉప్పు, కారం, మసాలా, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ఉండకూడదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి నెత్తురులోని ఎర్ర కణాలను పగలగొడతాయి. మన కూరల్లో ఈ రెండూ లేనివి తక్కువ కనుక మిగిలిపోయిన పులుసు పోయడం మేలు చేయకపోగా కీడు చేస్తుంది.

వెడల్పాటి పళ్ళెంలో పెట్టాలి. లోతైన గిన్నెలో మీసాలు ఒరుసుకుంటే కొన్ని పిల్లులు తినవు. నీళ్ళగిన్నె తిండికి కొంచెం దూరంగా ఉంచాలి. కుక్క, కోళ్ళు, పిల్లలు రాని మూల చూడాలి. అది తింటుంటే చుట్టూ చేరి చూడరాదు.

ఒకేసారి పళ్ళెం నింపరాదు. ఒక చెంచాతో మొదలుపెట్టి మూడు నాలుగు గంటలకోసారి పెట్టాలి. అరగంటలో తినకపోతే తీసివేసి, మళ్ళీ కొత్తది వెచ్చబెట్టి తేవాలి. ఎదుట నిలవ ఉన్న తిండి చూస్తే దానికి వెగటు పుడుతుంది. పస్తు ఉన్న పిల్లికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టడం కూడా ప్రమాదమే. రోజూ కాస్త పెంచుతూ పోవాలి. మూడు నాలుగు కిలోల బరువున్న పిల్లికి బాగున్న రోజుల్లో ఉడికించిన కోడిమాంసం రోజుకు 120 నుంచి 150 గ్రాములు ఉంటే కడుపు నిండుతుంది. ఈ లెక్కతో పోల్చి చూసుకుంటే అది ఎంత తింటున్నదో తెలుస్తుంది.

అసలు ముట్టకపోతే కొద్దిగా మెత్తటి తిండి దాని పెదవికి గాని, ముందుకాలికి గాని రాయాలి. పిల్లికి ఒళ్ళు శుభ్రం చేసుకునే అలవాటు ఉంది కనుక నాకుతుంది. నాకితే రుచి తెలుస్తుంది. అంతేకాని నోరు తెరిచి, తల వెనక్కు వంచి పోయరాదు. అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. పైగా బలవంతంగా పెట్టిన తిండిని పిల్లి జబ్బుతో ముడిపెట్టి గుర్తుంచుకుంటుంది. ఆ తరవాత బాగైనా దానిని ముట్టదు. సూది లేని సిరంజితో బుగ్గ పక్కనుంచి పట్టవలసి వస్తే ఎంత, ఎలా అన్నది వైద్యుడు చూపించాకే చేయాలి. ఆకలి పుట్టించే మందులూ వైద్యుల దగ్గర ఉన్నాయి. అయితే అసలు జబ్బు పట్టుకోకుండా ఆకలి మందు ఒక్కటే ఇస్తే ఫలితం ఉండదు.

తల్లిలేని కూన తాగకపోతే ముందు దాని ఒళ్ళు తాకి చూడాలి. చల్లగా ఉంటే పాలు పట్టరాదు. గుడ్డలో చుట్టి, వెచ్చని నీళ్ళ సీసా పక్కన పెట్టి ఒళ్ళు వెచ్చబడ్డాకే పట్టాలి. చలిలో ఉన్న కూన కడుపు పాలను అరిగించుకోలేదు.

పాలు, బెల్లం, పచ్చిచేప

పిల్లి అనగానే పాలు గుర్తుకు వస్తాయి. కాని తల్లిపాలు మరిచిన పిల్లుల్లో చాలా వాటికి పాలలోని చక్కెర అరగదు, విరేచనాలు పడతాయి. ఆకలిలేని పిల్లికి పాలే పోసి ఊరుకుంటే ఒంట్లో ఉన్న నీరు కూడా పోతుంది. బెల్లం నీళ్ళో, పంచదారో కలిపితే ఇష్టంగా తాగుతుందనుకోవడమూ భ్రమే. పిల్లి నాలుకకు తీపి తెలియదు. తీపిని పసిగట్టే జన్యువు పిల్లి జాతిలో చెడిపోయి ఉందని అమెరికా శాస్త్రజ్ఞులు 2005లో కనుగొన్నారు.

పెరుగన్నం మీదనే పెరిగే పిల్లులు మన ఊళ్ళలో చాలా ఉన్నాయి. అవి ఎలుకలను పట్టుకుంటాయి కనుక బతుకుతున్నాయి. పిల్లి మాంసాహారి. టారిన్ అనే పదార్థం దానికి మాంసం, చేపలనుంచి అందాలి. అది లోపిస్తే కంటి చూపు దెబ్బతింటుందని 1975లో, గుండె జబ్బు వస్తుందని 1987లో శాస్త్రజ్ఞులు తేల్చారు. ఇంట్లోనే కట్టివుంచి ఒట్టి అన్నం పెట్టేవారు ఈ సంగతి గమనించాలి.

బందరు, నాగాయలంక తీరంలో మరో సంగతి ఉంది. అక్కడి పిల్లులకు పచ్చిచేపల తలలు, పేగులు దండిగా దొరుకుతాయి. కొన్ని రకాల పచ్చిచేపల్లో బి1 విటమిన్‌ను నాశనం చేసే గుణం ఉంది. నెలల తరబడి అవే తింటే మొదట ఆకలి మందగిస్తుంది, తరవాత తల వాలిపోతుంది, నడక తూలుతుంది, ఫిట్స్ వస్తాయి. చేపను ఉడికిస్తే ఆ గుణం పోతుంది. వ్యాధి తొలిదశలో బి1 సూదిమందుతో పిల్లి త్వరగా కోలుకుంటుంది. ఎండుచేప వాసనకు పిల్లి పరుగెత్తి వస్తుంది గాని అందులో ఉప్పు ఎక్కువ. నానబెట్టి, ఉప్పు పోయేలా కడిగి, ఉడికించి కొంచెమే పెట్టాలి.

కుప్పింటాకు మొక్క వేరు దగ్గర పిల్లి పొర్లాడటం పల్లెవాసులకు తెలిసినదే. అది దానికి సరదా. దానిని చూసి ఆకలి మందు అనుకుని పసరు పోయడం తగదు.

విషాలు - వెతకవలసినవి

ఎలుకలకు పెట్టే మందు పిల్లినీ తింటుంది. నూకల్లో కలిపే జింక్ ఫాస్ఫైడ్ తిన్న ఎలుకను పిల్లి తింటే ఆ ఎలుక కడుపులోని మందు పిల్లికి ఎక్కుతుంది. దీనికి విరుగుడు లేదు. లక్షణాలకు వైద్యం చేయడమే మార్గం. అటువంటి పిల్లి వాంతి చేసుకుంటే దగ్గరగా వంగి చూడరాదు. అందులోనుంచి వచ్చే వాయువు మనిషికీ హానికరం. బ్రోమాడయోలోన్ బిళ్ళల పద్ధతి వేరు. తిన్న కొద్ది రోజులకు నెత్తురు గడ్డకట్టడం మానేస్తుంది. పిల్లి నీరసించి, చిగుళ్ళు పాలిపోయి, ముక్కునుంచి నెత్తురు కారుతుంది. దీనికి కె1 విటమిన్ విరుగుడుగా ఉంది కనుక మందు పెట్టిన డబ్బా కూడా వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళాలి.

మనుషుల మాత్రలు ఏవీ పిల్లికి వేయరాదు. పారాసెటమాల్‌ను విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు. చిగుళ్ళు నీలం కలిసిన గోధుమరంగుకు తిరిగి, ముఖం వాచి, ఊపిరాడక చనిపోతుంది. కుక్కల గోమార్లకు చల్లే మందుల్లో పెర్మెత్రిన్ ఉన్నవి కూడా పిల్లికి విషమే. పేలు పోవాలని కిరసనాయిలు పూస్తే అది ఒళ్ళు నాకి కడుపులోకి తీసుకుంటుంది.

చేయి పెట్టేముందు జాగ్రత్త

తిండి మానిన పిల్లి నోట్లో ముల్లు ఉందేమో అని వెంటనే చేయి పెట్టడం మంచిది కాదు. పిచ్చికుక్క కరిచిన పిల్లికి కూడా రేబిస్ వస్తుంది. సాధువుగా ఉండే పిల్లి ఉన్నట్టుండి మీదికి దూకినా, చొంగ కారుస్తున్నా, గొంతు మారినా, మింగలేకపోతున్నా దాని దగ్గరికి పిల్లలను పోనీయరాదు. గదిలో ఉంచి తలుపు వేసి పశువైద్యశాలకు కబురు చేయాలి. కరిచినా, గీరినా గాయాన్ని ధారగా పోసే నీళ్ళతో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి టీకాలు వేయించుకోవాలి. 'పిల్లే కదా' అని సున్నం, కారం పెట్టి ఊరుకున్నవారు ప్రాణాలమీదికి తెచ్చుకుంటారు. ఏటా జులై 6న జంతువులనుంచి సంక్రమించే వ్యాధుల దినం సందర్భంగా పశువైద్యశాలల్లో రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తుంటారు. కుక్కతోపాటు పిల్లినీ తీసుకువెళ్ళవచ్చు.

ఎక్కడ చూపించాలి?

పశువైద్యశాల అంటే ఎడ్లకు, గేదెలకే అన్న అభిప్రాయం పల్లెల్లో ఇంకా ఉంది. పిల్లిని చంకన పెట్టుకుని వెళితే నవ్వుతారేమో అని కొందరు వెళ్ళరు. మండల కేంద్రంలోని వైద్యశాలలో పిల్లినీ చూస్తారు. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రిలో పెంపుడు జంతువులకు చికిత్స ఉంది. రాష్ట్రంలో 2022లో ప్రారంభమైన సంచార పశువైద్య వాహనాలు ప్రధానంగా పాడిపశువుల కోసమే అయినా, 1962 నంబరుకు ఫోన్ చేస్తే సలహా అడగవచ్చు.

తీసుకువెళ్ళేటప్పుడు గోనెసంచిలో మూతికట్టి వేయరాదు. గాలి ఆడే వెదురుగంపలో పాతచీర పరిచి, పైన మరో గంప బోర్లించి తాడు కట్టాలి. ఎన్ని రోజులనుంచి తినలేదు, నీళ్ళు తాగుతున్నదా, మూత్రం పోస్తున్నదా, ఇంట్లో గాని చేలో గాని ఎలుకమందు పెట్టారా అన్న నాలుగు సంగతులు వైద్యుడికి చెప్పగలిగితే సగం పని తేలికవుతుంది.

గింజ ఇంటికి చేరేవరకు రైతు కాపలా, చేరాక పిల్లి కాపలా. జీతం అడగని ఆ కాపలాదారు తిండి మానిన రోజున ఒక పూట వెచ్చని ముద్ద, రెండో రోజున ఒకసారి వైద్యశాల. అది మన ఇంటినుంచి కోరేది ఇంతే.